ఒకే సాఫ్ట్‌వేర్, ఎవరి పనికి వారి హోమ్ పేజీ: సేల్స్‌ఫోర్స్ అడ్మిన్‌లకు సమగ్ర మార్గదర్శి

పొద్దున లాగిన్ అవ్వగానే సేల్స్ కుర్రాడికి కావాల్సింది ఇవాళ ఎవరెవరిని కలవాలన్న జాబితా. పక్క సీట్లో ఫిర్యాదుల కాల్స్ తీసుకునే ఆవిడకి నిన్న తేలకుండా మిగిలిన కేసులు కావాలి. వాళ్ల మేనేజర్‌కి ఈ రెండూ అక్కర్లేదు, నెల టార్గెట్ ఎంతవరకు వచ్చిందో తెలిస్తే చాలు. ముగ్గురికీ ఒకే హోమ్ పేజీ పెడితే ఏమవుతుందో అడ్మిన్‌గా ఆరు నెలలు చేసిన ఎవరైనా చెప్తారు. ముగ్గురూ దాన్ని చూడకుండానే వేరే ట్యాబ్‌కి వెళ్లిపోతారు.

కంపెనీలు తమ కస్టమర్లని, అమ్మకాల్ని, ఫిర్యాదుల్ని చూసుకునే సాఫ్ట్‌వేర్ సేల్స్‌ఫోర్స్. దీనికి మందు అందులో ఎప్పటినుంచో ఉంది. పాత క్లాసిక్ తెరలో హోమ్ పేజీ లేఅవుట్లు చేసి ఒక్కో ప్రొఫైల్‌కి (యూజర్ ఏం చూడొచ్చో, ఏం చేయొచ్చో చెప్పే హక్కుల మూట) ఒక్కోటి అంటించేవాళ్లం. 2015లో లైట్నింగ్ ఎక్స్‌పీరియన్స్ అనే కొత్త తెర వచ్చాక ఈ పని లైట్నింగ్ యాప్ బిల్డర్ అనే పేజీలు కట్టే పరికరంలోకి మారింది. కోడ్ ఒక్క లైను రాయక్కర్లేదు. ఈ వ్యాసం ఆ పద్ధతి గురించే. హైదరాబాద్‌లో సేల్స్‌ఫోర్స్ మీద పనిచేసేవాళ్లకి, అమీర్‌పేట కోచింగుల్లో నేర్చుకుంటున్నవాళ్లకి కొదవ లేదు కాబట్టి తెరమీద కనిపించే మాటల్ని అనువదించకుండా మనం పలికే తీరులోనే రాస్తున్నాను.

ఒక మాట ముందే. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఒక సంస్థలో ప్రొఫైల్‌కి ఒక పేజీ చొప్పున తొమ్మిది పేజీలు కట్టాను. చూడ్డానికి బాగానే ఉండేవి. మూడు వారాల తర్వాత "సెలవుల నోటీసు హోమ్‌లో పెట్టండి" అన్నారు. తొమ్మిది పేజీలు తెరిచి తొమ్మిది చోట్ల అతికించాలి. రెండు మర్చిపోయాను. ఆ రెండు ప్రొఫైళ్లలో ఒకటి నాకు ఆ పని చెప్పిన ఆవిడదే. అప్పటినుంచి నా లెక్క ఒకటే: పేజీలు వీలైనంత తక్కువ, పేజీ లోపల నియమాలు అవసరమైనన్ని.

మొదటి అడుగు: బిల్డర్ తెరవకముందు

కాగితం మీద నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో గుంపు పేరు. రెండో దాంట్లో లాగిన్ అయిన మొదటి అయిదు నిమిషాల్లో వాళ్లు చేసే పని. మూడో దాంట్లో వాళ్ల ప్రొఫైల్, నాలుగో దాంట్లో వాళ్లు వాడే యాప్ (సేల్స్‌ఫోర్స్ లోపల ఒక రకం పనికి కావాల్సిన ట్యాబ్‌ల గుంపు).

రెండో గడి మీటింగులో నిండదు. మీటింగులో అడిగితే అందరూ "డ్యాష్‌బోర్డ్ కావాలి" అంటారు. ఒక పూట వాళ్ల పక్కన కూర్చుంటే అసలు సంగతి తెలుస్తుంది. డ్యాష్‌బోర్డ్ అడిగినాయన రోజూ మొదట తెరిచేది తన ఫోన్ కాల్స్ జాబితా. మీరు పెట్టాల్సింది అదే.

ఈ వ్యాసమంతా ఒక ఊహా సంస్థ మీద నడుపుదాం. మోటార్లు, డ్రిప్ పైపులు అమ్మే కంపెనీ అనుకోండి. ఆఫీసు హైదరాబాద్‌లో, సేల్స్ వాళ్లు జిల్లాల్లో. మన కాగితం మీద నాలుగు గుంపులు తేలాయి:

- జిల్లాల సేల్స్ వాళ్లు. సేల్స్ యాప్, సేల్స్ ప్రొఫైల్. మొదట చూసేది ఇవాళ్టి పనులు.
- ఏరియా మేనేజర్లు. యాప్ అదే, ప్రొఫైల్ కూడా అదే. చూసేది తమ కింది టీమ్ లెక్కలు.
- ఫిర్యాదుల విభాగం. సర్వీస్ యాప్, సర్వీస్ ప్రొఫైల్. తెరిచి ఉన్న కేసులు.
- అకౌంట్స్‌లో నలుగురు. సేల్స్ యాప్‌లోకే వస్తారు, డిస్కౌంట్లకి అప్రూవల్ ఇవ్వడానికి.

గుంపులు నాలుగు కాబట్టి పేజీలు నాలుగు అనిపిస్తుంది. కాదు, రెండు చాలు. ఎందుకో తెలియాలంటే ఏ పేజీ చూపించాలో సేల్స్‌ఫోర్స్ ఎలా తేల్చుకుంటుందో ముందు చూడాలి.

పేజీ ఎంపిక ఎలా జరుగుతుంది

హోమ్ పేజీని మూడు స్థాయుల్లో అంటించవచ్చు. సంస్థ మొత్తానికి ఒకటి, దాన్ని ఆర్గ్ డిఫాల్ట్ అంటారు. ఒక యాప్‌కి ఒకటి, అది యాప్ డిఫాల్ట్. ఫలానా యాప్‌లో ఫలానా ప్రొఫైల్ వాళ్లకి ఒకటి, ఇది మూడోది.

ఎంత ఇరుకైన నియమానికి అంత బలం. యూజర్ ఒక యాప్ తెరవగానే సేల్స్‌ఫోర్స్ ఆ యాప్‌కీ ఆ ప్రొఫైల్‌కీ కలిపి ప్రత్యేకంగా పేజీ అంటించి ఉందేమో చూస్తుంది. ఉంటే అదే వస్తుంది. లేకపోతే యాప్ డిఫాల్ట్. అదీ లేకపోతే ఆర్గ్ డిఫాల్ట్. అసలు ఎవరూ ఏమీ పెట్టకపోతే సేల్స్‌ఫోర్స్ తనతో తెచ్చిన సిస్టమ్ డిఫాల్ట్ పేజీ.

ఇక్కడ లేనివి రెండున్నాయి, అవే ముఖ్యం. పర్మిషన్ సెట్‌ని (ప్రొఫైల్‌కి తోడుగా ఇచ్చే అదనపు హక్కుల కట్ట) బట్టి పేజీ అంటించలేం. రోల్‌ని (సంస్థ మెట్లలో ఆ మనిషి చోటు) బట్టీ అంటించలేం. ఒక మనిషికి ప్రొఫైల్ ఒక్కటే ఉంటుంది, పర్మిషన్ సెట్లు ఎన్నైనా ఉండొచ్చు. ప్రొఫైల్‌లో కనీస హక్కులే ఉంచి మిగతావన్నీ పర్మిషన్ సెట్లలో ఇవ్వమని సేల్స్‌ఫోర్సే కొన్నేళ్లుగా చెబుతోంది. ఆ సలహా పాటించిన సంస్థలో సగం మంది ఒకే ప్రొఫైల్ మీద ఉంటారు. మరి వాళ్లని ప్రొఫైల్‌తో ఎలా విడదీస్తారు? విడదీయలేరు. మన ఉదాహరణలో ఏరియా మేనేజర్ల సంగతి సరిగ్గా ఇదే.

అందుకే పనిని రెండుగా పంచుకోవాలి. పని స్వభావమే వేరైతే, అంటే యాప్ వేరైతే, పేజీ వేరు. ఒకే యాప్‌లో చిన్న చిన్న తేడాలైతే పేజీ ఒకటే, లోపలి ముక్కలు మాత్రం మనిషిని బట్టి కనిపిస్తాయి, దాక్కుంటాయి. ఆ ముక్కల్ని కాంపొనెంట్లు అంటారు, వాటి దాగుడుమూతల్ని కాంపొనెంట్ విజిబిలిటీ అంటారు.

రెండో అడుగు: పేజీ కట్టడం

పనిచేస్తున్న ఆర్గ్‌లో, అంటే మీ సంస్థ రోజూ వాడే సేల్స్‌ఫోర్స్‌లో, ప్రయోగాలు చేయొద్దు. శాండ్‌బాక్స్ (ప్రయోగాల కోసం తీసిన ఆర్గ్ నకలు) ఉంటే అందులో, లేకపోతే ఉచితంగా వచ్చే డెవలపర్ ఎడిషన్‌లోనో ట్రెయిల్‌హెడ్ ప్లేగ్రౌండ్‌లోనో చేయండి.

పైన కుడివైపు గేర్ గుర్తు నొక్కి సెటప్‌లోకి వెళ్లండి. ఎడమవైపు క్విక్ ఫైండ్ పెట్టెలో లైట్నింగ్ యాప్ బిల్డర్ అని కొట్టి తెరవండి. న్యూ నొక్కితే ఏ రకం పేజీ అని అడుగుతుంది. హోమ్ పేజీ ఎంచుకోండి. తర్వాత పేరు, తర్వాత టెంప్లేట్.

పేరు దగ్గర బద్ధకించొద్దు. "న్యూ హోమ్", "హోమ్ ఫైనల్", "హోమ్ ఫైనల్ రెండు" అనే పేర్లు నేను చాలా ఆర్గ్‌లలో చూశాను. అవి పెట్టినవాళ్లు వెళ్లిపోయాక ఏది ఏమిటో ఎవరికీ తెలియదు. యాప్ పేరు, గుంపు పేరు కలిసేలా పెట్టండి: "సేల్స్ హోమ్ – అందరికీ", "సర్వీస్ హోమ్ – కేసులు". డిస్క్రిప్షన్‌లో ఎవరు అడిగితే కట్టారో ఒక లైను రాసి ఉంచితే వచ్చే ఏడాది మీకే పనికొస్తుంది.

టెంప్లేట్ తెరిచాక ఎడమవైపు కాంపొనెంట్ల పట్టిక, మధ్యలో పేజీ, కుడివైపు ఎంచుకున్న కాంపొనెంట్ సెట్టింగ్స్. లాగి వదలడమే పని. ఏం లాగాలన్నదే ఆలోచించాల్సిన సంగతి.

సేల్స్ వాళ్ల కోసం మొదటి పేజీ. పైన ఎడమవైపు టుడేస్ టాస్క్స్, పక్కన టుడేస్ ఈవెంట్స్. ఈ రెండూ లాగిన్ అయిన మనిషివే చూపిస్తాయి కాబట్టి ప్రత్యేకంగా ఏ నియమమూ అక్కర్లేదు. వాటి కింద అసిస్టెంట్. గడువు దాటిన పనులు, చాలా రోజులుగా కదలిక లేని డీల్స్ ఇది గుర్తుచేస్తుంది. పెర్ఫార్మెన్స్ చార్ట్ పెట్టేముందు మాత్రం ఆలోచించండి. ఈ త్రైమాసికంలో ముగిసిన డీల్స్‌నీ, గెలిచే అవకాశం 70 శాతం దాటిన డీల్స్‌నీ మాత్రమే అది లెక్కేస్తుంది. ఆపర్చునిటీలు (సేల్స్‌ఫోర్స్‌లో డీల్స్‌కి పేరు) వాడని వాళ్ల హోమ్ పేజీలో అది ఖాళీ డబ్బాలా కూర్చుంటుంది. సర్వీస్ వాళ్ల పేజీలో దాన్ని ఎందుకు ఉంచుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

సర్వీస్ పేజీకి లిస్ట్ వ్యూ కాంపొనెంట్ ప్రాణం. ఆబ్జెక్ట్‌గా, అంటే రికార్డుల రకంగా, కేస్ ఎంచుకుని, ఫిల్టర్‌గా "మై ఓపెన్ కేసెస్" లాంటి వ్యూ పెట్టండి. రెండో లిస్ట్ వ్యూగా ఇంకా ఎవరికీ చేరని కేసుల క్యూ. మూడోదిగా ఏమైనా పెట్టాలనిపిస్తే ఆగి, పక్కన కూర్చున్న ఆ పూట ఏం చూశారో గుర్తుచేసుకోండి.

ఇక్కడొక కిటుకు ఉంది. ఎవరి డేటా వాళ్లకి కనిపించాలంటే వేరే పేజీ కాదు, సరిగ్గా కట్టిన రిపోర్ట్ కావాలి. రిపోర్ట్‌లో షో మీ దగ్గర "మై ఆపర్చునిటీస్" అని ఉంచి, దాని చార్ట్‌ని రిపోర్ట్ చార్ట్ కాంపొనెంట్‌గా పెడితే యాభై మంది యాభై రకాల చార్టులు చూస్తారు. పేజీ మాత్రం ఒక్కటే. డ్యాష్‌బోర్డ్‌లోనూ ఈ పని జరుగుతుంది. "వ్యూ డ్యాష్‌బోర్డ్ యాజ్" దగ్గర చూస్తున్న మనిషినే ఎంచుకోవాలి, దాన్నే డైనమిక్ డ్యాష్‌బోర్డ్ అంటారు. కానీ ఇవి లెక్కపెట్టే ఇస్తారు: ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో అయిదు, అన్‌లిమిటెడ్‌లో పది, డెవలపర్ ఎడిషన్‌లో మూడు. అయిదింటినీ మొదటి నెలలోనే ఖర్చుపెట్టేసి తర్వాత తల పట్టుకున్న వాళ్లున్నారు.

సేవ్ నొక్కండి. మొదటిసారి సేవ్ చేయగానే యాక్టివేట్ చేస్తారా అని ఒక కిటికీ తెరుచుకుంటుంది. నాట్ యెట్ అనండి. తొందరేం లేదు.

మూడో అడుగు: ఒకే పేజీలో దాగుడుమూతలు

ఈ వ్యాసంలో ఎక్కువ సేపు ఆగాల్సింది ఇక్కడే.

సేల్స్ పేజీలో ఏరియా మేనేజర్లకి మాత్రమే కనిపించే టీమ్ చార్ట్ ఒకటి, అకౌంట్స్ నలుగురికి మాత్రమే కనిపించే ఐటమ్స్ టు అప్రూవ్ ఒకటి కావాలి. కాంపొనెంట్‌ని ఎంచుకుంటే కుడివైపు పలకలో అడుగున సెట్ కాంపొనెంట్ విజిబిలిటీ కనిపిస్తుంది. యాడ్ ఫిల్టర్ నొక్కాలి. ఏ ఆధారంతో అని అడుగుతుంది.

మొదట చేతికి తగిలేది యూజర్ ప్రొఫైల్ పేరు. రోల్ పేరు కూడా దొరుకుతుంది. "ప్రొఫైల్ పేరు ఈక్వల్ ఫలానా" అని పెట్టేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది, పనీ చేస్తుంది. కానీ అది పేరుని అక్షరాలతో పోల్చి చూసే నియమం. రేపు ఎవరో ప్రొఫైల్ పేరు మారిస్తే, రోల్ పేరులో "ఏరియా" తీసేసి "జోనల్" అని పెడితే, నియమం నోరు మెదపకుండా చచ్చిపోతుంది. ఎర్రర్ రాదు. కాంపొనెంట్ కనిపించడం మానేస్తుంది, అంతే. వారం తర్వాత ఎవరో ఫోన్ చేసి అడిగేదాకా మీకు తెలియదు.

అందుకే కస్టమ్ పర్మిషన్ (మనమే పేరు పెట్టి తయారుచేసుకునే హక్కు) వాడండి. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, తర్వాత ఏళ్ల తరబడి నిలుస్తుంది.

మొదట సెటప్‌లో కస్టమ్ పర్మిషన్స్ తెరిచి న్యూ నొక్కండి. పేరు "హోమ్ – టీమ్ లెక్కలు చూడవచ్చు" అన్న అర్థంలో ఉండనివ్వండి. "మేనేజర్" అని పెట్టొద్దు. రేపు మేనేజర్ కాని మనిషికి కూడా ఆ చార్ట్ చూపించాల్సి వస్తుంది, అప్పుడు పేరు అబద్ధమవుతుంది.

రెండోది, పర్మిషన్ సెట్స్‌లో ఒక సెట్ తయారుచేసి, దాని లోపల కస్టమ్ పర్మిషన్స్ విభాగంలో ఎడిట్ నొక్కి పైన చేసినదాన్ని చేర్చండి. మేనేజర్లకి ఇప్పటికే ఒక పర్మిషన్ సెట్ ఉంటే కొత్తది అక్కర్లేదు, అందులోనే కలపండి.

మూడోది, మేనేజ్ అసైన్‌మెంట్స్‌లోకి వెళ్లి మనుషులకి ఆ సెట్ ఇవ్వండి.

నాలుగోది, బిల్డర్‌లోకి తిరిగొచ్చి ఆ కాంపొనెంట్ ఫిల్టర్‌లో పర్మిషన్స్ కింద కస్టమ్ పర్మిషన్స్, అందులో మీరు చేసినది, ఈక్వల్, ట్రూ. డన్, సేవ్. తెరమీద ఈ మెనూలు ఎక్కడున్నాయన్నది విడుదల విడుదలకీ కొద్దిగా మారుతుంది, ఏడాదికి మూడు విడుదలలు కదా. వెతికితే దొరుకుతుంది.

అకౌంట్స్ వాళ్లకీ ఇలాగే ఇంకో కస్టమ్ పర్మిషన్, ఇంకో సెట్.

ఇప్పుడు ఈ పద్ధతిలో ఉన్న అందం చూడండి. అకౌంట్స్ చూసే ఒకావిడ మూడు నెలలు ఒక ఏరియా బాధ్యత కూడా తీసుకుంది అనుకోండి. రెండు సెట్లూ ఇస్తారు, ఆవిడకి రెండు కాంపొనెంట్లూ కనిపిస్తాయి. ప్రొఫైల్‌కి ఒక పేజీ చేసి ఉంటే ఈ ఒక్క మనిషి కోసం అయిదో ప్రొఫైల్, అయిదో పేజీ పుట్టేవి. అవి పుట్టడమే కానీ పోవడం ఉండదు.

చేసేటప్పుడు జాగ్రత్తపడాల్సినవి కొన్ని చెప్తాను.

ఒకే చోట ఒకరికి ఒకటి, మిగతావాళ్లకి ఇంకొకటి కనిపించాలంటే రెండు కాంపొనెంట్లు ఒకదాని కింద ఒకటి పెట్టి, మొదటిదానికి ట్రూ, రెండోదానికి ఫాల్స్ నియమం ఇవ్వండి. చూసేవాళ్లకి ఒకటే కనిపిస్తుంది.

ప్రతి వరుసలోనూ ఏ నియమమూ లేని కాంపొనెంట్ ఒకటైనా ఉంచండి. అన్నిటికీ నియమాలు పెట్టేస్తే, ఏ పర్మిషనూ లేకుండా కొత్తగా చేరిన మనిషికి తెల్ల గోడ కనిపిస్తుంది. మొదటి రోజే సాఫ్ట్‌వేర్ పనిచేయట్లేదని ఐటీకి ఫోన్ చేస్తాడు.

మీరు సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ కాబట్టి అన్నీ మీకు కనిపిస్తాయనుకోవద్దు. కస్టమ్ పర్మిషన్ అడ్మిన్‌కి దానంతట అది రాదు. మీకూ ఆ పర్మిషన్ సెట్ ఇచ్చుకోవాలి. "నేను పెట్టిన కాంపొనెంట్ నాకే కనిపించట్లేదు" అని గంట సేపు వెతికినవాళ్లలో నేనూ ఒకణ్ని.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇది. విజిబిలిటీ నియమం తలుపు కాదు, తెర మాత్రమే. టీమ్ చార్ట్‌ని హోమ్ పేజీలో దాచినంత మాత్రాన సేల్స్ కుర్రాడు రిపోర్ట్స్ ట్యాబ్‌లోకి వెళ్లి అదే రిపోర్ట్ తెరవకుండా ఆగడు. జీతాలు, మార్జిన్లు లాంటి గుట్టు విషయాలకి ఫోల్డర్ షేరింగ్, ఆబ్జెక్ట్ హక్కులు, ఫీల్డ్ హక్కులు విడిగా బిగించాల్సిందే.

నాలుగో అడుగు: యాక్టివేషన్

పేజీ తెరిచి పైన కుడివైపు యాక్టివేషన్ నొక్కండి. ఆర్గ్ డిఫాల్ట్, యాప్ డిఫాల్ట్, యాప్ అండ్ ప్రొఫైల్ అని మూడు ట్యాబ్‌లు వస్తాయి. తెరుచుకునేది ఆర్గ్ డిఫాల్ట్ మీదే. ఇక్కడే చేతులు జారతాయి. చదవకుండా నీలం బటన్ నొక్కుకుంటూ పోతే, మీరు సర్వీస్ వాళ్ల కోసం కట్టిన పేజీ వేరే నియమం లేని ప్రతి ఒక్కరికీ వచ్చేస్తుంది. అలా జరిగితే కంగారు పడక్కర్లేదు. సెటప్‌లో క్విక్ ఫైండ్‌లో హోమ్ అని కొట్టి ఆ పేజీలో సెట్ డిఫాల్ట్ పేజ్ ద్వారా సిస్టమ్ డిఫాల్ట్‌కో పాత పేజీకో తిప్పేయండి.

మన ఉదాహరణలో సేల్స్ పేజీని సేల్స్ యాప్‌కి యాప్ డిఫాల్ట్ చేయండి. సర్వీస్ పేజీని సర్వీస్ యాప్‌కి. మూడో ట్యాబ్ ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదు చూశారా. నాలుగు గుంపులూ సర్దుకున్నాయి.

మరి యాప్ అండ్ ప్రొఫైల్ ఎప్పుడు వాడాలి? ఒకే యాప్‌లో పనిచేస్తూ, ఉమ్మడి కాంపొనెంట్ ఒక్కటి కూడా లేనంత తేడా ఉన్న రెండు ప్రొఫైళ్లుంటే. ఉదాహరణకి ఏ రికార్డూ మార్చకుండా నెలకోసారి లెక్కలు చూసి వెళ్లే డైరెక్టర్లు. వాళ్ల కోసం పెద్ద డ్యాష్‌బోర్డ్ ఒక్కటే ఉన్న పేజీ కట్టి, అసైన్ టు యాప్స్ అండ్ ప్రొఫైల్స్ నొక్కి, యాప్ ఎంచుకుని, ప్రొఫైల్ ఎంచుకుని, చివరి తెరలో ఏది ఎవరికి వెళ్తోందో ఒకసారి చదివి సేవ్ చేయండి. ఆ చివరి తెరని చదవడం మానొద్దు.

అయిదో అడుగు: హోమ్ ట్యాబ్ అసలు ముందుందా?

అంతా సరిగ్గా చేసినా "మాకు పాత తెరే వస్తోంది" అంటారు కొందరు. కారణం చాలాసార్లు పేజీలో ఉండదు. లైట్నింగ్‌లో యాప్ తెరిస్తే వచ్చేది ఆ యాప్ నావిగేషన్ వరుసలో మొదటి అంశం. అక్కడ అకౌంట్స్ ట్యాబ్ (కస్టమర్ సంస్థల జాబితా) ముందుండి హోమ్ నాలుగోదైతే, వాళ్లు రోజూ ఆ ట్యాబ్‌లోనే దిగుతారు.

సెటప్‌లో యాప్ మేనేజర్ తెరిచి, ఆ యాప్ పక్కన చిన్న బాణం నొక్కి, ఎడిట్. నావిగేషన్ ఐటమ్స్‌లో హోమ్‌ని పైకి జరపండి. యూజర్లు తమ వరుసని తామే మార్చుకోగలరు కూడా. దాన్ని ఆపే టిక్ యాప్ ఆప్షన్స్‌లో ఉంది. నేనైతే ఆపను. రోజంతా ఆ తెర ముందు కూర్చునేది వాళ్లు. హోమ్‌ని వెనక్కి తోసేశారంటే పేజీ వాళ్లకి పనికిరాలేదని అర్థం, ఆ కబురు నాకు కావాలి.

ప్రొఫైల్‌లో ట్యాబ్ సెట్టింగ్స్‌లో హోమ్ డిఫాల్ట్ ఆన్‌లో ఉందో లేదో కూడా ఒకసారి చూడండి.

ఆరో అడుగు: వాళ్ల కళ్లతో చూడటం

బిల్డర్‌లో కనిపించే బొమ్మని నమ్మొద్దు. అక్కడ దాచిన కాంపొనెంట్లు కూడా చిన్న గుర్తుతో కనిపిస్తూనే ఉంటాయి. ప్రతి గుంపు నుంచి ఒక మనిషిగా లాగిన్ అయి చూడాల్సిందే.

దీనికి సెటప్‌లో లాగిన్ యాక్సెస్ పాలసీస్ తెరిచి, అడ్మినిస్ట్రేటర్లు ఏ యూజర్‌గానైనా లాగిన్ అవ్వొచ్చన్న టిక్ పెట్టాలి. తర్వాత యూజర్స్ జాబితాలో పేరు పక్కన లాగిన్ లింకు వస్తుంది. నిజం మనుషుల పేరుతో లోపలికి వెళ్తున్నాం కాబట్టి ముందు వాళ్లకి ఒక మాట చెప్పడం మర్యాద. శాండ్‌బాక్స్‌లో టెస్ట్ యూజర్లు చేసుకుంటే ఆ మొహమాటం కూడా ఉండదు. డెవలపర్ ఎడిషన్‌లో పూర్తి సేల్స్‌ఫోర్స్ లైసెన్సులు రెండే ఉంటాయి. ఒక్క టెస్ట్ యూజర్‌కే ప్రొఫైల్ మారుస్తూ, పర్మిషన్ సెట్లు ఇస్తూ తీస్తూ చూసుకోవాలి.

అయిదుగురిగా లాగిన్ అవ్వండి: సేల్స్ మనిషి, ఏరియా మేనేజర్, సర్వీస్, అకౌంట్స్, ఏ పర్మిషన్ సెట్టూ లేని కొత్త మనిషి. తప్పులు దొరికేది ఎక్కువగా ఈ అయిదో మనిషి దగ్గరే.

ఈ దశలో తరచూ కనిపించే చిక్కులు:

చార్ట్ ఉండాల్సిన చోట ఎర్రర్ మాట. రిపోర్ట్ మీ ప్రైవేట్ ఫోల్డర్‌లో ఉండిపోయింది. దాన్ని అందరికీ షేర్ చేసిన ఫోల్డర్‌లోకి మార్చండి. డ్యాష్‌బోర్డ్‌కీ అంతే. డ్యాష్‌బోర్డ్ ఫోల్డర్ షేర్ చేసి, దాని వెనకున్న రిపోర్టుల ఫోల్డర్ మర్చిపోతుంటారు.

డ్యాష్‌బోర్డ్‌లో నిన్నటి అంకెలు. అది తనంతట తాను తాజా అవదు, చివరిసారి రిఫ్రెష్ చేసినప్పటి లెక్కలే చూపిస్తుంది. రిపోర్ట్ చార్ట్‌కైతే రిఫ్రెష్ బటన్ చూపించే టిక్ ఉంది, పెట్టండి.

మార్పు చేశాక కూడా పాత పేజీ. బ్రౌజర్ దాచుకున్న కాపీ అయ్యుండొచ్చు. ఒకటి రెండుసార్లు రిఫ్రెష్ చేయించండి, లేదా లాగ్అవుట్ అయి రమ్మనండి. అప్పటికీ మారకపోతే యాప్ అండ్ ప్రొఫైల్ ట్యాబ్ చూడండి. మీకంటే ముందున్న అడ్మిన్ ఆ ప్రొఫైల్‌కి ఎప్పుడో ఒక పేజీ అంటించి ఉంటాడు. ఇరుకైన నియమానికి బలమెక్కువ అన్నాం కదా, మీ యాప్ డిఫాల్ట్ దాని ముందు నిలవదు.

పేజీ నెమ్మది. కాంపొనెంట్ తర్వాత కాంపొనెంట్ పేర్చుకుంటూ పోతే జిల్లాల్లో మొబైల్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లు పొద్దున్నే తిట్టుకుంటారు. రోజూ చూడని వాటిని ట్యాబ్స్ కాంపొనెంట్ లోపల రెండో ట్యాబ్‌లోకి నెట్టండి. నొక్కేదాకా అవి లోడ్ అవ్వవు.

ఏడో అడుగు: ప్రొడక్షన్‌లోకి

శాండ్‌బాక్స్‌లో చేసినదాన్ని ప్రొడక్షన్‌కి, అంటే అందరూ వాడే అసలు ఆర్గ్‌కి, చేంజ్ సెట్‌లో (మార్పుల్ని ఒక ఆర్గ్ నుంచి ఇంకో ఆర్గ్‌కి మోసుకెళ్లే మూట) పంపేటప్పుడు చాలామంది లైట్నింగ్ పేజీని ఒక్కదాన్నే పంపుతారు. పేజీ చేరుతుంది, కానీ ఎవరికీ కనిపించదు. ఎందుకంటే ఏ యాప్‌లో ఎవరికి ఏ హోమ్ పేజీ అన్న సమాచారం పేజీలో ఉండదు, యాప్‌లో ఉంటుంది. కాబట్టి యాప్‌ని కూడా చేర్చాలి, లేదంటే ప్రొడక్షన్‌లో యాక్టివేషన్ మళ్లీ చేత్తో చేయాలి.

యాప్‌ని పంపితే ఇంకో ప్రమాదం ఉంది. ప్రొడక్షన్‌లో ఎవరైనా నేరుగా నావిగేషన్ వరుస మార్చి ఉంటే, మీ శాండ్‌బాక్స్‌లోని పాత వరుస దానిమీద పడుతుంది. రెండూ ఒకసారి పోల్చి చూసుకోండి. నా మట్టుకు నేను, రెండు మూడు పేజీలే అయితే యాప్ పంపకుండా చేత్తోనే యాక్టివేట్ చేస్తాను. ఇరవై ఉంటే పంపుతాను, కానీ ఇరవై ఉండనివ్వను.

పేజీతో పాటు కస్టమ్ పర్మిషన్లు, పర్మిషన్ సెట్లు, రిపోర్టులు, డ్యాష్‌బోర్డులు, వాటి ఫోల్డర్లు కూడా వెళ్లాలి. పర్మిషన్ సెట్ ఎవరెవరికి ఇచ్చారన్నది చేంజ్ సెట్‌లో రాదు. ప్రొడక్షన్‌లో మనుషులకి మళ్లీ ఇవ్వాలి. ఈ పని శుక్రవారం సాయంత్రం పెట్టుకోకండి.

డీలర్లు, పాత తెరవాళ్లు

బయటి డీలర్లు పోర్టల్ ద్వారా వస్తుంటే పైన చెప్పినదేదీ వాళ్లకి వర్తించదు. సేల్స్‌ఫోర్స్‌లో అలాంటి పోర్టల్‌ని ఎక్స్‌పీరియన్స్ క్లౌడ్ సైట్ అంటారు, దానికి పద్ధతి వేరు. ఎక్స్‌పీరియన్స్ బిల్డర్‌లో హోమ్ పేజీకి వేరియేషన్లు చేసి, ఒక్కో ఆడియన్స్‌కి (చూసేవాళ్ల గుంపు) ఒక్కోటి ఇస్తారు. ఆడియన్స్‌ని ప్రొఫైల్‌తో, ఊరితో, యూజర్ రికార్డులోని ఫీల్డులతో కూడా నిర్వచించవచ్చు. నిజం చెప్పాలంటే ఈ విషయంలో లోపలి ఉద్యోగులకంటే బయటి డీలర్లకే సేల్స్‌ఫోర్స్ ఎక్కువ వెసులుబాటు ఇచ్చింది. ఇంకా క్లాసిక్‌లోనే ఉన్నవాళ్లుంటే వాళ్ల హోమ్ పేజీ లేఅవుట్లు సెటప్‌లో విడిగా ఉన్నాయి. వాటికి ప్రొఫైల్ ఒక్కటే ఆధారం.

ఆ తర్వాత

నోటీసుల కోసం పెట్టిన రిచ్ టెక్స్ట్ కాంపొనెంట్‌కి బాధ్యుడు ఎవరో మొదటి రోజే పేరు రాసుకోండి. లేకపోతే దీపావళి సెలవుల నోటీసు సంక్రాంతి దాకా వేలాడుతుంది. అది చూసి చూసి జనం ఆ మూలకి కళ్లు తిప్పడమే మానేస్తారు, తర్వాత అక్కడ నిజంగా ముఖ్యమైనది పెట్టినా ఎవరూ చదవరు.

ఆరు నెలలకోసారి యాప్ లాంచర్‌లో లైట్నింగ్ యూసేజ్ యాప్ తెరవండి. ఏ పేజీలు ఎక్కువ చూస్తున్నారో, ఏవి తెరుచుకోడానికి ఎంత సేపు పడుతోందో అందులో కనిపిస్తుంది. హోమ్ పేజీ నెమ్మదిగా ఉన్నవాటి జాబితాలో ఉంటే మొదటి అనుమానం డ్యాష్‌బోర్డ్ మీద పెట్టుకోండి.

అదే రోజు లైట్నింగ్ యాప్ బిల్డర్ జాబితా కూడా పైనుంచి కిందికి చదవండి. ఎవరికీ అంటించని హోమ్ పేజీలు, ఎవరికోసం కట్టారో డిస్క్రిప్షన్ లేని పేజీలు తేలతాయి. ఎక్కడైనా యాక్టివ్‌గా ఉన్న పేజీని డిలీట్ చేయనివ్వదు. యాక్టివేషన్‌లోకి వెళ్లి దాని అసైన్‌మెంట్లు తీసేశాకే పోతుంది. తీసేసి రెండు వారాలు ఆగండి. ఎవరూ ఫోన్ చేయకపోతే అప్పుడు డిలీట్ నొక్కండి.